ఇంట్లో కత్తి తయారీ – 6వ పాఠం: పిడి అతికించడం

ఊడిపోయిన పిడి ఏదైనా చేతికి దొరికితే లోపలివైపు చూడండి. చాలాసార్లు జిగురంతా చెక్కకే ఉంటుంది, ఉక్కు మాత్రం నున్నగా మెరుస్తుంటుంది. అంటే జిగురు విరగలేదు, ఉక్కును అసలు పట్టుకోలేదు. అందుకే ఈ పాఠంలో సగం పని జిగురు డబ్బా మూత తీయకముందే ఉంది.

పోయినసారి తోకకు (పిడిలోకి వెళ్లే ఉక్కు భాగానికి), రెండు చెక్క పలకలకు రంధ్రాలు వేసుకున్నాం. ఇప్పుడు వాదరకు అట్టముక్క చుట్టి టేపు వేయండి. తర్వాత తోక రెండు వైపులా 80 నంబరు ఎమ్రీ పేపర్‌తో అడ్డదిడ్డంగా గీతలు పడేలా రుద్దండి. మెరుపు ఎక్కడా మిగలకూడదు. తెల్లగుడ్డను అసిటోన్‌లో తడిపి, గుడ్డకు నలుపు అంటనంతవరకు తుడవండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, చాలావాటిలో నూనెలు కలిపి ఉంటాయి.

శుభ్రమైందో లేదో నీటిచుక్కే చెబుతుంది. తోక మీద ఒక చుక్క వేయండి. పల్చగా పరుచుకుంటే సరే. తామరాకు మీద బొట్టులా ముడుచుకుంటే జిడ్డు ఇంకా ఉన్నట్టే, మళ్లీ తుడవాలి. పరీక్ష అయ్యాక తడి పూర్తిగా ఆరనివ్వండి. ఇక అక్కడ వేలు పెట్టొద్దు.

చెక్క లోపలి ముఖం కూడా గరుకుగానే ఉండాలి. నల్లతుమ్మతో పేచీ లేదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే అతికించాలి. రేపు చూద్దాంలే అని వదిలేస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది. పలకల ముందు అంచులు, అంటే అలుగువైపు (కత్తిలో పిడి బయట ఉండే ఉక్కు భాగం వైపు) చివరలు, ఇప్పుడే నునుపు చేసుకోండి. అతికించాక అక్కడ రుద్దితే అలుగు మీద గీతలు పడతాయి.

జిగురు రెండు భాగాల ఎపాక్సీ అయి ఉండాలి. అయిదు నిమిషాల రకం ఈ పనికి నాకు నచ్చదు. రంధ్రాల్లోకి దూర్చే ఇత్తడి పిన్ను దూరక తంటాలు పడుతుంటే అది గట్టిపడిపోతుంది, ఊరికే టెన్షన్. నెమ్మదిగా ఆరే రకం తీసుకుని, ప్యాక్ మీది కొలతలో రెండు నిమిషాలు బాగా కలపండి. మే నెల ఎండల్లో గిన్నెలో ముద్దగా ఉంచితే దాని వేడికి అదే తొందరగా గడ్డకడుతుంది, టైల్ ముక్క మీద పల్చగా పరవండి.

తోకకు, పలకలకు, పిన్నులకు, రంధ్రాల లోపల కూడా పూసి, పిన్నులు దూర్చి, క్లాంపు బిగించండి. కొత్తవాళ్లు ఇక్కడే బలమంతా చూపిస్తారు. అలా బిగిస్తే జిగురంతా బయటికి కక్కి, లోపల చెక్కా ఉక్కూ ఉత్తగా ఆనుకుంటాయి. చుట్టూ సన్నటి గీతలా జిగురు ఉబికితే అక్కడితో ఆపండి. ముందు అంచు దగ్గర ఉబికినదాన్ని అసిటోన్ అద్దిన ఇయర్‌బడ్‌తో వెంటనే తీసేయండి.

ఒక రోజంతా కదపొద్దు. టైల్ మీద మిగిలిన జిగురును గోటితో నొక్కితే గుంట పడకూడదు, పడితే ఇంకో పూట ఆగండి.

వచ్చే పాఠంలో పిడిని చెక్కి ఆకారానికి తెస్తాం. దానికి సాండింగ్ మెషిన్ వాడేవాళ్లు పక్కన నీళ్ల గిన్నె పెట్టుకోవాలి, ఇత్తడి పిన్ను వేలికి చురుక్కుమనగానే ఆపాలి. ఆ వేడి పిన్ను వెంట లోపలికి పోతే ఎపాక్సీ మెత్తబడుతుంది.