1099 మీద పనిచేస్తున్నారా? ఏప్రిల్‌లో తేడా కొట్టేది ఇక్కడే

అమెరికాలో హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీదో గ్రీన్‌కార్డ్ మీదో సొంతంగా కాంట్రాక్ట్ పని చేసుకుని, ఆ డబ్బుకు 1099 అనే ఫారం అందుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హెచ్1బీలో ఉండి సైడ్‌లో 1099 తీసుకుందామనుకునేవాళ్లు మాత్రం ముందు లాయర్‌తో మాట్లాడండి, అది టాక్స్ గొడవ కాదు, వీసా గొడవ.

"ఏటా రిఫండ్ వచ్చేది, ఈసారి ఎదురు కట్టమంటోంది"

జీతం మీద ఉంటే సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (పెద్దవాళ్ల వైద్యం) పన్నుల్లో సగం కంపెనీ కడుతుంది. ఇక్కడ కంపెనీ మీరే, ఉద్యోగీ మీరే, కాబట్టి మొత్తం 15.3 శాతం మీ నెత్తినే పడుతుంది. పైగా చెక్కులో ముందే ఎవరూ పట్టుకోరు కాబట్టి అంతా ఒకేసారి కనపడి గుండె గుభేలుమంటుంది. ఖర్చులన్నీ పోగా 20,000 డాలర్లు మిగిలాయనుకుందాం. అందులో 92.35 శాతం మీద ఈ 15.3 శాతం లెక్కేస్తే సుమారు 2,826 డాలర్లు. మామూలు ఇన్‌కమ్ టాక్స్ దీనికి అదనం. తప్పించుకోలేం గానీ, ఇందులో సగం షెడ్యూల్ 1లో (రిటర్న్‌కి జతచేసే ఒక ఫారం) ఆదాయంలోంచి తగ్గింపుగా వస్తుంది. సాఫ్ట్‌వేర్ దానంతటదే వేస్తుంది, అయినా ఒకసారి కళ్లారా చూసుకోండి.

"స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నాం కదా, ఇక ఖర్చులు చూపించకూడదట"

ఈ మాట నేను ఎన్ని పార్టీల్లో విన్నానో లెక్కలేదు. అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఈ అపోహ వల్లే. స్టాండర్డ్ డిడక్షన్ అంటే లెక్కలు చూపించకుండానే అందరికీ ఆదాయంలోంచి తీసేసే మొత్తం, పని ఖర్చులు వేరు, రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. పనికి పెట్టిన ఖర్చు, అంటే లాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ చందా, ఫోన్ బిల్లులో పనికి వాడిన వాటా, ఇవన్నీ షెడ్యూల్ సిలో (సొంత పని ఆదాయం, ఖర్చులు చూపే ఫారం) ముందే పోతాయి. ఆ తర్వాత మిగిలిన ఆదాయం మీద స్టాండర్డ్ డిడక్షన్ మామూలుగా వస్తుంది. షెడ్యూల్ సిలో ఖర్చు పడితే ఇన్‌కమ్ టాక్స్‌తో పాటు ఆ 15.3 శాతం కూడా తగ్గుతుంది, అందుకే చిన్న రసీదు కూడా పారేయొద్దంటాను.

"హోమ్ ఆఫీస్ ఖర్చు వేశాను, సీపీఏ (టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్) తీసేశాడు"

నా మొదటి ఏడాది కథ ఇదే. డైనింగ్ టేబుల్ మీద ఒక మూల నా లాప్‌టాప్, పక్కన పిల్లల హోంవర్క్, ఎనిమిదింటికి అన్నం గిన్నె వచ్చిందంటే లాప్‌టాప్ సోఫాలోకి పోయేది. అది ఆఫీసు కాదన్నాడు, నిజమే మరి. ఆ జాగా పనికి మాత్రమే, క్రమం తప్పకుండా వాడాలి. విడి గదే అక్కర్లేదు, బెడ్‌రూమ్‌లో ఒక మూల కొలిచి అక్కడ వేరే ఏమీ పెట్టకపోయినా చాలు. తేలిక పద్ధతిలో చదరపు అడుగుకు 5 డాలర్లు, 300 అడుగుల వరకు, అంటే మహా అయితే 1,500 డాలర్లు. మరుసటి ఏడాది బల్ల కొని గోడవార వేశాను, ఫొటో తీసి పెట్టుకున్నాను కూడా.

"మైళ్లు రాసుకోలేదు, అంచనాగా వేసేద్దామా?"

వద్దు. ఆడిట్ వస్తే మొదట అడిగేది మైళ్లు రాసుకున్న లాగ్‌బుక్కే. 2025కి మైలుకు 70 సెంట్లు, పని మీద కారులో 6,000 మైళ్లు తిరిగితే 4,200 డాలర్లు, ఇంత డబ్బుని జ్ఞాపకశక్తికి ఎలా వదిలేస్తాం? తేదీ, ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్లు, ఈ నాలుగూ అప్పటికప్పుడు రాయాలి. నేను గ్లోవ్ బాక్స్‌లో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని జనవరి 1న ఓడోమీటర్ ఫొటో తీస్తాను. మైలు రేటు తీసుకుంటే గ్యాస్ (పెట్రోల్), ఇన్సూరెన్స్, రిపేర్లు మళ్లీ వేయకూడదు. టోల్, పార్కింగ్ వేయొచ్చు.

"హెల్త్ ఇన్సూరెన్స్ వేశాను, చెల్లదన్నారు"

మనవాళ్లకు బాగా తగిలేది ఇది. మీ ఆయనకో మీ ఆవిడకో ఆఫీసులో ఇన్సూరెన్స్ ఉండి, అందులో మీరూ చేరే అవకాశం ఉంటే, చేరినా చేరకపోయినా ఆ నెలలకు మీ సొంత ప్రీమియం ఈ తగ్గింపులోకి రాదు. ఆ అవకాశం లేని నెలలు విడగొట్టి అవి మాత్రం వేయండి, అదీ షెడ్యూల్ సిలో కాదు, షెడ్యూల్ 1లో.

"టాక్స్ మొత్తం కట్టాను, అయినా పెనాల్టీ పడింది"

కట్టారు, కానీ ఆలస్యంగా. 1,000 డాలర్లు, ఆపైన బాకీ పడేలా ఉంటే ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, మళ్లీ జనవరి 15న వాయిదాలు కట్టాలి. ఇవి గుర్తుండవంటే ఒక కిటుకుంది: జాయింట్‌గా ఫైల్ చేసేవాళ్లయితే ఉద్యోగం చేసే భర్తో భార్యో తమ డబ్ల్యూ-4లో (జీతంలోంచి ఎంత టాక్స్ పట్టుకోవాలో కంపెనీకి చెప్పే ఫారం) 4(సి) దగ్గర అదనంగా పట్టుకోమని రాస్తే సరి. జీతంలోంచి పట్టుకున్నది ఎప్పుడు పట్టుకున్నా ఏడాదంతా సమానంగా కట్టినట్టే చూస్తారు. నేను అక్టోబర్‌లో లెక్క చూసుకుని మా ఆయన డబ్ల్యూ-4 మార్పిస్తాను, డిసెంబర్ జీతాలు అయ్యాక మళ్లీ పాతదే.