రెండు థైరాయిడ్ రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు

హనుమకొండలో మా ల్యాబ్‌కు పరకాల, నర్సంపేట దిక్కు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది పాత రిపోర్టు వెంట తెచ్చుకుంటారు. మంచి అలవాటు. కానీ కొత్తది చేతికి రాగానే "పోయినసారి 3.2 ఉండె, ఇప్పుడు 4.1 అయింది, పెరిగిందా బిడ్డా?" అని టెన్షన్ పడతారు. ఆ అంకె టీఎస్‌హెచ్‌ది, అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్‌ది; గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా టీఎస్‌హెచ్ ఆ మాత్రం అటూ ఇటూ అవుతుంది. అంకెలు పోల్చే ముందు ఇంకొన్ని చూసుకోవాలి.

మొదట రక్తం తీసిన టైమ్ చూడండి. టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటాక బాగా పెరుగుతుంది, తెల్లారినంక తగ్గుతూ మధ్యాహ్నానికి కిందికి దిగుతుంది. తిన్న తర్వాత కూడా కొంత తగ్గుతుంది. పొద్దున ఏడింటికి పరగడుపున ఇస్తే 5 వచ్చిన మనిషికి, అన్నం తిని రెండింటికి ఇస్తే 4 లోపే రావచ్చు. ఈ టెస్టుకు ఫాస్టింగ్ తప్పనిసరి కాదు, కానీ ప్రతిసారీ ఒకే వేళకు, ఒకే తీరుగా ఇవ్వండి. వీలైతే ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి. మిషన్ మారితే అంకె కొంచెం మారుతుంది, పక్కన అచ్చువేసే నార్మల్ రేంజ్ కూడా మారుతుంది. యూనిట్లు కూడా చూడాలి. ఒక రిపోర్టులో టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్) 8 మైక్రోగ్రాములని, ఇంకోదాంట్లో 103 నానోమోల్స్ అని ఉంటే భయపడకండి, రెండూ ఒకటే.

ఎక్కువ తికమక గోలీల దగ్గరే వస్తుంది. థైరాయిడ్ గోలీ డోసు మార్చినా, మానేసినా టీఎస్‌హెచ్ వెంటనే కదలదు, కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మేడారం జాతర పనుల్లో పడి ఒక అక్క నెల రోజులు గోలీ సరిగా వేసుకోలేదు. టెస్టుకు ముందు మాత్రం వారం పాటు క్రమం తప్పకుండా వేసుకుంది. ఫ్రీ టీ4 (రక్తంలో దేనికీ అంటుకోకుండా విడిగా తిరిగే టీ4) రేంజ్‌లోనే వచ్చింది, టీఎస్‌హెచ్ 9 దాటింది. గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి చెప్పింది. "ఇదే డాక్టర్‌కు చెప్పు అక్కా" అని పంపిన. ఆయన డోసు పెంచకుండా, అదే గోలీ సక్రమంగా వాడి మళ్లీ టెస్టు చేయించుకోమన్నారు. చెప్పకపోయి ఉంటే డోసు పెరిగేది, గుండె దడ మొదలయ్యేది. వేసుకోని రోజులను దాచకండి, దయచేసి.

టెస్టు రోజు రక్తం ఇచ్చాకే గోలీ వేసుకోండి. ముందే వేసుకుంటే కొన్ని గంటల పాటు ఫ్రీ టీ4 ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. మామూలు రోజుల్లో పరగడుపున నీళ్లతో వేసుకుని, చాయ్‌కి కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం గోలీలకైతే నాలుగు గంటల ఎడం కావాలి.

జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ సంగతి ఎవరూ చెప్పరు, నేనే అడుగుతాను. కొన్ని మిషన్లలో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. పెద్ద డోసు వాడుతుంటే ఎన్ని రోజులు ఆపాలో డాక్టర్‌ను అడగండి. పెద్ద జ్వరం వచ్చి తగ్గినప్పుడు కూడా అంకెలు తారుమారవుతాయి. తొందర లేదని డాక్టర్ అంటే కొన్ని వారాలు ఆగి ఇవ్వండి.

రిపోర్టు మూలన పెన్నుతో ఇట్లా రాసి పెట్టుకోండి: "ఉదయం 7:30, పరగడుపు, 50 గోలీ ఇంకా వేసుకోలేదు, పోయిన నెలలో నాలుగు రోజులు మరిచిన, బయోటిన్ లేదు." డాక్టర్‌కు ఈ ఒక్క వరుస చాలా పనికొస్తుంది.

గర్భిణులు మాత్రం పాత రిపోర్టుతో పోల్చుకుంటూ కూర్చోవద్దు. మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ సహజంగానే తగ్గుతుంది, టోటల్ టీ4 పెరుగుతుంది, వాళ్ల రేంజే వేరు. అంకె ఎట్లున్నా వెంటనే చూపించుకోవాలి. టీఎస్‌హెచ్ 10 దాటినా, 0.1 కన్నా తగ్గినా, గుండె దడ ఉన్నా మిగతావాళ్లు కూడా ఆలస్యం చేయొద్దు. డోసు మీ అంతట మీరు మార్చుకోవద్దు.