దానంతటదే రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్: నా అనుభవం

పని మధ్యలో మా ఇంట్లో కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యేది. విండోస్‌లో జరిగిన ఘటనల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ అని కనిపించింది. అది చూసి పవర్ సప్లై మార్చేయకండి. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం, కారణం చెప్పదు. అందుకే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ తీసేశాను. ఈసారి బ్లూ స్క్రీన్ (విండోస్ క్రాష్ అయినప్పుడు వచ్చే ఎర్రర్ తెర) అలాగే నిలిచింది: ‘మెమరీ మేనేజ్‌మెంట్’.

అది మెమరీ (ర్యామ్) మీద అనుమానం కలిగించింది. పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ నడిపితే ఎర్రర్లు వరసగా వచ్చాయి. తర్వాత ర్యామ్ స్టిక్కులు ఒక్కోదాన్నే ఉంచి పరీక్షించాను. ఒకటి శుభ్రంగా పాసైంది. రెండోది ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రర్లే. అంటే మదర్‌బోర్డు స్లాట్లు బాగానే ఉన్నాయి, పోయింది స్టిక్కే! వారంటీలో మార్పించాను. కొత్తదానితో రాత్రంతా టెస్ట్ నడిపినా ఒక్క ఎర్రర్ రాలేదు, అప్పటికి గానీ టెన్షన్ తగ్గలేదు.