లాటే ఆర్ట్‌లో కప్పు పట్టుకునే చేతి పని

కాఫీ మీద పాలనురగతో హృదయాకారాన్నో ఆకునో తేల్చే లాటే ఆర్ట్‌ను నేర్చుకునేవారు సాధారణంగా తమ ధ్యాసనంతా పాల జగ్గు పట్టుకున్న చేతి మీదే పెడతారు. అయితే ఆ నురగ తేలుతుందా మునుగుతుందా అన్నది చాలావరకు కప్పు పట్టుకున్న చేతిలోనే ఉంటుంది. ముఖ్యంగా తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారికి ఈ విషయం కాస్త విడమరచి చెప్పాలి. డవరా గ్లాసుల మధ్య కాఫీని పైనుంచి పోసి నురగ తెప్పించడం మన చేతులకు చిన్ననాటి నుంచీ అలవాటు, లాటే ఆర్ట్‌లో మాత్రం ఎత్తు నుంచి పోసిన పాలు క్రీమా పొరను, అంటే కాఫీ మీద తేలే గోధుమరంగు నురగను, చీల్చుకుని అడుగుకు దిగిపోతాయి. జగ్గు మూతి కాఫీ ఉపరితలానికి దాదాపు తగిలేటంత దగ్గరగా వచ్చినప్పుడే నురగ పైన పరుచుకుంటుంది.

కప్పును వంచడానికి కారణం ఇదే. ఎస్ప్రెస్సో (యంత్రం ఒత్తిడితో తీసిన చిక్కటి కాఫీ) 30 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా కప్పు అడుగున ఉంటుంది కాబట్టి, కప్పును నిటారుగా పట్టుకుంటే దాని అంచు అడ్డుపడి జగ్గు మూతి ద్రవం దాకా చేరదు. కప్పును జగ్గు వైపు వంచితే కాఫీ ఆ పక్కకు చేరి మడుగుకడుతుంది, అంచుకు దగ్గరవుతుంది, పాలు పడే చోట తగినంత లోతూ దొరుకుతుంది.

కుడిచేతివాటం వారు జగ్గును కుడిచేత, కప్పును ఎడమచేత పట్టుకోవాలి. కప్పు అడుగు వేళ్ల మొదళ్ల మీద ఆనాలి, నాలుగు వేళ్లూ కింది భాగాన్ని చుట్టి ఉండాలి, బొటనవేలు పక్కన ఆనించి ఉంచాలి. వేలి కొనలేవీ అంచు మీదికి రాకూడదు. వేడి గ్లాసును అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ వేళ్లే జగ్గు మూతికి అడ్డొస్తాయి, పైగా కప్పును నెమ్మదిగా నిలబెట్టే పట్టు చేతికి ఉండదు. యంత్రం మీద పెట్టిన కప్పు చేత్తో పట్టుకోలేనంత కాలిపోయి ఉంటే, గుడ్డ అడ్డం పెట్టుకోవడం కన్నా కాసేపు ఆగడం మేలు. మోచేతులు రెండూ పక్కటెముకలకు దగ్గరగా ఉంటే చేతులు వణకవు.

కప్పు పిడి మీ పొట్ట వైపు ఉండాలి. హృదయాకారపు మొన జగ్గుకు ఎదుటి అంచు వైపు, అంటే మీ ఎడమవైపు వస్తుంది. తాగేవారికి ఆ మొన తమ వైపు ఉండి, పిడి కుడిచేతికి అందితేనే బొమ్మ నిటారుగా కనిపిస్తుంది. ఎడమచేతివాటం వారు చేతులు మార్చుకున్నప్పుడు ఈ లెక్క తిరగబడి, పిడి వారి శరీరానికి అవతలి వైపు ఉండాల్సి వస్తుంది. కాబట్టి కుడిచేతివాటం గురువు దగ్గర నేర్చుకునే ఎడమచేతివారు ఈ ఒక్కటీ అనుకరించకూడదు.

కాఫీ అంచుకు చేరువయ్యేంత వరకూ కప్పును వంచి, మొదట కొంచెం ఎత్తు నుంచి సన్నని ధారతో పాలు పోస్తూ గోధుమరంగు చెదరకుండా కలపండి. కప్పు సగానికి పైగా నిండాక జగ్గు మూతిని ఉపరితలానికి ఆనించినట్టుగా దించి, ధారను కాస్త పెంచితే తెల్లని వలయం కనిపిస్తుంది. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. పాలు నిండుతున్న వేగానికి సరిగ్గా సరిపడేలా, మణికట్టును మెల్లగా తిప్పుతూ కప్పును నిటారుగా తేవాలి. తొందరపడి నిలబెడితే కాఫీ జగ్గు మూతికి దూరమై తెలుపు మునిగిపోతుంది, ఆలస్యం చేస్తే అంచు మీదుగా సాసర్‌లోకి ఒలుకుతుంది. ఆకు కోసం జగ్గును అటూ ఇటూ ఊపుతున్నంతసేపూ కప్పు చేయి ఊగకూడదు, దాని పని నిలబెట్టడం మాత్రమే. కప్పు పూర్తిగా నిటారైన క్షణానికే నిండాలి. అప్పుడు జగ్గును కొంచెం పైకెత్తి, సన్నని ధారతో ఆకారం మధ్యగా ఎదుటి అంచు దాకా గీసి ఆపండి.

బొమ్మ ఎప్పుడూ ఒక పక్కకే ఒరిగిపోతుంటే, పాలు కప్పు నడిమిగీత మీద పడటం లేదని గాని, కప్పు జగ్గు వైపు కాక ఓరగా వంగుతోందని గాని అనుకోవాలి.

పాల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ పాలను ఫ్రిజ్ చల్లదనం నుంచి 55–65 డిగ్రీల సెల్సియస్ వరకు మాత్రమే వేడిచేసి, పెద్ద బుడగలు లేకుండా నిగనిగలాడే నురగ చేయాలి. బుడగల నురగను ఏ పట్టూ కాపాడలేదు.

వెడల్పు మూతి, గుండ్రని అడుగు ఉన్న 180–220 మిల్లీలీటర్ల పింగాణీ కప్పుతో నేర్చుకోవడం సులువు. స్టీలు గ్లాసు చేతిని కాలుస్తుంది, ఇరుకుగానూ ఉంటుంది. కాగితపు కప్పును కింది సగంలోనే పట్టుకోండి, నొక్కితే మూతి కోలగా మారి బొమ్మ సాగిపోతుంది. పాలు వృథా చేయడం ఇష్టం లేనివారు జగ్గులో నీళ్లు పోసుకుని, వంచడం, నింపడం, నిలబెట్టడం అనే మూడింటినీ సింకు దగ్గరే సాధన చేయవచ్చు. నీళ్లతో బొమ్మ పడదు గాని, కప్పు నిటారవడం, నిండటం ఒకే క్షణంలో జరుగుతున్నాయో లేదో స్పష్టంగా తెలుస్తుంది.