టారిఫ్ వార్త వచ్చినప్పుడు కరెన్సీనీ, బాండ్ యీల్డ్‌నీ కలిపి చదవడం ఎలా?

ఒక దేశం దిగుమతులపై సుంకం (టారిఫ్) పెంచిందనగానే రెండు రకాల వ్యాఖ్యానాలు మొదలవుతాయి. సుంకం వేసిన దేశం కరెన్సీ బలపడుతుందని ఒకరంటారు. సరుకుల ధరలు పెరుగుతాయి కాబట్టి ప్రభుత్వ బాండ్ల యీల్డ్ (ఇప్పటి ధరకు బాండ్ కొన్నవారికి ఏటా దక్కే రాబడి శాతం) పెరుగుతుందని ఇంకొకరంటారు. రెండూ పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటలే. చిక్కల్లా ఏమిటంటే, 2019 ఆగస్టులో అమెరికా చైనా సరుకులపై మరో విడత సుంకం ప్రకటిస్తే అమెరికా పదేళ్ల బాండ్ యీల్డ్ జారిపోయింది. 2025 ఏప్రిల్‌లో దాదాపు ప్రపంచ దేశాలన్నిటిమీదా సుంకాలు ప్రకటిస్తే, వారం పది రోజులకల్లా అదే యీల్డ్ ఎగబాకింది, డాలర్ మాత్రం పడిపోయింది.

అందుకని సుంకం శాతం ఒక్కటే చూసి జోస్యం చెప్పడం కుదరదు. కరెన్సీనీ, యీల్డ్‌నీ పక్కపక్కన పెట్టి, మార్కెట్ అసలు దేనికి భయపడుతోందో కనిపెట్టాలి. ఇందులో పెద్ద గణితమేమీ లేదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

1. ముందు నాలుగు అంకెలు రాసిపెట్టుకోండి

అమెరికానే ఉదాహరణగా తీసుకుందాం. కావలసినవి: పదేళ్ల బాండ్ యీల్డ్, రెండేళ్ల బాండ్ యీల్డ్, ద్రవ్యోల్బణంతో ముడిపెట్టిన పదేళ్ల బాండ్ యీల్డ్ (ఈ బాండ్లనే టిప్స్ అంటారు), డాలర్ సూచీ (మరికొన్ని కరెన్సీలతో పోల్చి చూసిన డాలర్ విలువ). సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నడిపే ఫ్రెడ్ వెబ్‌సైట్‌లో యీల్డ్‌లన్నీ రోజువారీగా, ఉచితంగా దొరుకుతాయి. ప్రకటనకు ముందురోజు విలువ, ప్రకటన రోజు విలువ, వారం తర్వాతది, నెల తర్వాతది నోట్ చేసుకోండి. ముందురోజు అంకె లేకపోతే మిగిలినవాటితో ఉపయోగం లేదు.

డాలర్ సూచీ దగ్గర కొంచెం జాగ్రత్త. టీవీలో రోజూ చూపించేది ఆరు కరెన్సీలతో కట్టిన సూచీ. అందులో ఒక్క యూరో వాటానే 57.6 శాతం. చైనా యువాన్, మెక్సికో పెసో అందులో లేనే లేవు. సుంకం చైనా మీదో మెక్సికో మీదో వేసినప్పుడు ఆ సూచీ చూస్తూ కూర్చుంటే అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో కనపడదు. అలాంటప్పుడు సుంకం వేసిన దేశం, సుంకం పడిన దేశం కరెన్సీల మధ్య రేటు చూడాలి, లేదా వాణిజ్యం వాటాలను బట్టి అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) లెక్కగట్టే విస్తృత సూచీ చూడాలి.

2. ప్రకటనలో కొత్తదనం ఎంతో తేల్చుకోండి

మార్కెట్ సుంకం అమల్లోకి వచ్చేదాకా ఆగదు. వస్తుందన్న అనుమానం మొదలైనప్పటినుంచే రేట్లు కదులుతాయి. 2025 ఫిబ్రవరి 1, శనివారం నాడు కెనడా, మెక్సికోల మీద 25 శాతం సుంకానికి ఉత్తర్వులు వచ్చాయి. సోమవారం మార్కెట్లు తెరిచాక ఒక అమెరికన్ డాలర్‌కు 1.47 కెనడియన్ డాలర్లు దాటింది. కెనడా కరెన్సీ అంత బలహీనపడటం 2003 తర్వాత అదే మొదలు. అదే రోజు సాయంత్రానికి సుంకాన్ని 30 రోజులు వాయిదా వేస్తున్నట్టు చెప్పారు, పడిందంతా తిరిగి లేచింది. రోజుకొక్క అంకె ఇచ్చే పట్టికలో ఈ హడావుడంతా సరిగ్గా కనిపించదు కూడా.

కాబట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది బెదిరింపా, సంతకమైన ఉత్తర్వా, అమలవుతున్న సుంకమా? అందరూ అనుకున్నదానికంటే ఎక్కువా, తక్కువా? ఒక దేశం మీదా, అందరి మీదా? మూడోదానికి జవాబు ముఖ్యం, ఎందుకో ఐదో అంచెలో తెలుస్తుంది.

3. కరెన్సీ లెక్క ఒకసారి చేతితో వేసి చూడండి

చైనాలో 700 యువాన్ల వస్తువు ఉందనుకోండి. డాలర్‌కు 7 యువాన్లయితే అమెరికాలో దాని దిగుమతి ధర 100 డాలర్లు. 10 శాతం సుంకంతో 110 అవుతుంది. ఈలోగా డాలర్ బలపడి 7.7 యువాన్లకు చేరితే, అదే 700 యువాన్లు 90.91 డాలర్లు అవుతాయి, సుంకం కలిపితే మళ్లీ సరిగ్గా 100. అంటే కరెన్సీ కదలిక సుంకాన్ని మింగేసింది. సుంకం వేసిన దేశం కరెన్సీ బలపడుతుందనే వాదన వెనక ఉన్న తర్కం ఇదే: దిగుమతులు తగ్గితే వాటికి చెల్లించడానికి విదేశీ కరెన్సీ అంతగా అక్కర్లేదు, కాబట్టి సొంత కరెన్సీ అమ్మకం తగ్గుతుంది.

2018-19లో ఇది కొంతవరకు జరిగింది కూడా. 2018 వసంతంలో 6.3 దగ్గర ఉన్న డాలర్, 2019 సెప్టెంబరుకల్లా 7.1 యువాన్లు దాటింది. అయినా అమెరికా దిగుమతిదారులకు ఊరట పెద్దగా దక్కలేదు. ఆ సరుకుల బిల్లుల్లో ఎక్కువ భాగం డాలర్లలోనే రాసుకుంటారు, యువాన్ పడినంత మాత్రాన బిల్లు తగ్గదు. సుంకం భారం దాదాపు మొత్తం అమెరికా కొనుగోలుదారుల మీదే పడిందని ఆ తర్వాత జరిగిన పరిశోధనలు తేల్చాయి. కాబట్టి పై లెక్కను దిక్సూచిగా వాడండి, తుది జవాబుగా వాడకండి. పైగా రోజువారీ కరెన్సీ వ్యాపారంలో సరుకుల చెల్లింపుల వాటా చిన్నది. షేర్లు, బాండ్ల కోసం దేశాలు దాటే డబ్బుదే రాజ్యం. ఆ డబ్బు దిక్కు మార్చుకుంటే వాణిజ్యం లెక్క ఎంత చక్కగా ఉన్నా నిలవదు.

4. యీల్డ్‌ను ముక్కలుగా విడదీయండి

మొదట బాండ్ ధరకూ యీల్డ్‌కూ ఉన్న సంబంధం. ఏటా 40 డాలర్ల వడ్డీ ఇస్తూ పదేళ్లకు 1000 డాలర్లు తిరిగిచ్చే బాండ్ ఉంది. మార్కెట్ 4 శాతమే చాలనుకుంటే దాని ధర 1000. మార్కెట్ 4.5 శాతం కావాలంటే ఆ పాత బాండ్ సుమారు 960కి పడితేగానీ ఎవరూ కొనరు. 3.5 చాలంటే 1042 దాకా లేస్తుంది. అమ్మకాలు పెరిగితే ధర తగ్గుతుంది, యీల్డ్ పెరుగుతుంది. ‘యీల్డ్ పెరిగింది’ అన్న వార్త విన్నప్పుడల్లా ‘బాండ్లు అమ్ముతున్నారు’ అని మనసులో అనువదించుకుంటే గందరగోళం ఉండదు.

సుంకం యీల్డ్‌ను రెండు వైపులకీ లాగుతుంది. ధరలు పెరుగుతాయన్న భయం పైకి లాగుతుంది. వ్యాపారం మందగించి కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గిస్తుందన్న అంచనా కిందికి లాగుతుంది. ఎవరు గెలుస్తున్నారో తెలియాలంటే మీరు రాసిపెట్టుకున్న అంకెలతో పని.

రెండేళ్ల యీల్డ్ ఎక్కువగా కేంద్ర బ్యాంకు సమీప భవిష్యత్తులో ఏం చేస్తుందన్న అంచనా మీద నడుస్తుంది. అది పడితే మందగమనం భయం బలంగా ఉన్నట్టు.

పదేళ్ల మామూలు యీల్డ్‌లోంచి టిప్స్ యీల్డ్ తీసేయండి. మొదటిది 4.3, రెండోది 2.0 అయితే తేడా 2.3. రాబోయే పదేళ్లలో సగటు ద్రవ్యోల్బణం దాదాపు అంత ఉంటుందని మార్కెట్ వేసుకున్న లెక్క అది. సుంకం వార్త తర్వాత ఈ తేడా పెరిగితేనే ‘ద్రవ్యోల్బణం భయంతో యీల్డ్ పెరిగింది’ అనాలి. ఈ తీసివేత చేయకుండానే ఆ మాట అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి సుంకం ధరల్ని ఒక మెట్టు ఎక్కిస్తుంది. ద్రవ్యోల్బణమంటే మెట్లు ఎక్కుతూనే ఉండటం. ఒక్క మెట్టేనని కేంద్ర బ్యాంకు నమ్మితే చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. జీతాలు, మిగతా ధరలు దాన్ని పట్టుకుని పైకి పాకితేనే టెన్షన్.

ఈ రెండూ పెద్దగా కదలకుండా పదేళ్ల యీల్డ్ మాత్రం పెరిగిందా? అయితే ఆ దేశానికి దీర్ఘకాలం అప్పివ్వడానికి మదుపరులు అదనంగా ఏదో అడుగుతున్నారు. గమనించాల్సిన ముక్క ఇదే.

5. ఇప్పుడు రెండింటినీ కలిపి చూడండి

మామూలు రోజుల్లో యీల్డ్ పెరిగితే ఆ దేశం కరెన్సీ కూడా బలపడుతుంది. ఎక్కువ వడ్డీ ఎక్కడుంటే డబ్బు అక్కడికి పోతుంది. సుంకం వేశాక రెండూ పెరిగాయంటే, కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు దించదని మార్కెట్ అనుకుంటోంది. యీల్డ్ తగ్గి కరెన్సీ బలపడితే, భయపడ్డ డబ్బు ఆ దేశం బాండ్లలోనే దాక్కుంటోంది. రెండూ పడితే సొంత ఆర్థిక వ్యవస్థకే దెబ్బ తగులుతుందన్న అనుమానం. యీల్డ్ పెరుగుతుండగా కరెన్సీ పడిపోవడం నాలుగో రకం. బయటి మదుపరులు బాండ్లు అమ్మి, వచ్చిన డబ్బు మార్చుకుని వెళ్లిపోతున్నారనో, కరెన్సీ నష్టం రాకుండా రక్షణ కొనుక్కుంటున్నారనో దానికి అర్థం. వర్ధమాన దేశాల్లో ఇది తరచూ చూసేదే. అమెరికాలో అరుదు.

2019 ఆగస్టు 1న, అప్పటిదాకా సుంకం పడని దాదాపు 30,000 కోట్ల డాలర్ల చైనా సరుకులపై 10 శాతం వేస్తామని ట్రంప్ ప్రకటించారు. ముందురోజు 2.02 శాతం ఉన్న పదేళ్ల యీల్డ్ ఆరోజు 1.90కి, ఆగస్టు 5కల్లా 1.75కి వచ్చేసింది. ఆ 5వ తేదీనే డాలర్ 7 యువాన్లు దాటింది, చైనాను కరెన్సీ తారుమారు చేసే దేశంగా అమెరికా ఆర్థిక శాఖ ముద్ర వేసింది. అప్పుడు ద్రవ్యోల్బణం లక్ష్యమైన 2 శాతానికి కిందే ఉంది, కాబట్టి ఫెడ్ చేతులు కట్టేసి లేవు. సుంకం ఒక్క దేశం మీదే. భయపడ్డవాళ్లకు అమెరికా బాండ్లే ఆశ్రయం. అయితే జూలై 31నే ఫెడ్ వడ్డీ తగ్గించింది. ఆ పతనాన్ని మొత్తంగా సుంకం ఖాతాలో వేయకూడదు.

2025 ఏప్రిల్ కథ రెండు అంకాలు. 2వ తేదీన దాదాపు అన్ని దేశాలకూ 10 శాతం, చాలావాటికి అంతకంటే ఎక్కువ సుంకాలు ప్రకటించారు. ఆరోజు పదేళ్ల యీల్డ్ 4.20. 4వ తేదీకి 4.01. డాలర్ కూడా పడింది. పైన చెప్పిన మూడో రకం: దెబ్బ అమెరికాకే తగులుతుందన్న అనుమానం. తర్వాతి వారం గాలి తిరిగింది. 11వ తేదీకి యీల్డ్ 4.48కి ఎక్కింది, ఆరు కరెన్సీల డాలర్ సూచీ 100 కిందికి దిగింది. అదే పది రోజుల్లో రెండేళ్ల యీల్డ్ పడి లేచి దాదాపు మొదటి చోటికే వచ్చింది. ద్రవ్యోల్బణ అంచనా పెరగలేదు. అంటే పెరిగింది నాలుగో అంచెలో చివరన చెప్పిన ముక్క. అప్పు తెచ్చి బాండ్లు కొన్న ఫండ్లు వదిలించుకుంటున్నాయని కొందరు, విదేశీ మదుపరులు డాలర్ ఆస్తుల మీద పునరాలోచనలో పడ్డారని మరికొందరు అన్నారు. రెండూ కొంత నిజమే అయి ఉండొచ్చు. 9వ తేదీనే చైనా మినహా మిగతా దేశాల అదనపు సుంకాలను 90 రోజులు వాయిదా వేశారు. బాండ్ మార్కెట్‌ను గమనిస్తున్నానని ట్రంప్ స్వయంగా చెప్పారు. షేర్లు రెండు రోజుల్లో 10 శాతానికి పైగా పడ్డా కదలని నిర్ణయం, బాండ్లు కదిలేసరికి కదిలింది.

6. అవతలి దేశం కరెన్సీకి స్వేచ్ఛ ఎంతో చూడండి

కరెన్సీ కదల్లేదంటే ఒత్తిడి లేదనుకోవద్దు. చైనా కేంద్ర బ్యాంకు రోజూ ఒక మధ్య రేటు ప్రకటిస్తుంది, యువాన్ దానికి అటూ ఇటూ 2 శాతం లోపే తిరగాలి. కాబట్టి ఆ ప్రకటించే రేటే మీకు సంకేతం. హాంకాంగ్ డాలర్ అయితే అమెరికన్ డాలర్‌కు 7.75, 7.85 మధ్యే కదలాలి. అక్కడ ఒత్తిడి కరెన్సీలో కాక వడ్డీ రేట్లలో బయటపడుతుంది. 2025 మేలో రేటు 7.75కి తగిలినప్పుడు హాంకాంగ్ అధికారులు తమ కరెన్సీని పెద్ద ఎత్తున అమ్మాల్సి వచ్చింది, ఒక్క రాత్రి అప్పు మీద వడ్డీ సున్నా దరిదాపుల్లోకి జారింది.

7. సుంకం డబ్బు, వేరే వార్తలు

సుంకం ఆదాయం పెరిగితే ప్రభుత్వం తక్కువ అప్పు చేస్తుంది, కాబట్టి యీల్డ్ తగ్గాలి అనే వాదన ఒకటుంది. తర్కంలో తప్పు లేదు. పరిమాణం చూసుకోవాలి. 2025 ఆర్థిక సంవత్సరంలో అమెరికా కస్టమ్స్ వసూళ్లు సుమారు 19,500 కోట్ల డాలర్లు, అంతకుముందు ఏడాదికి రెండింతలకు పైనే. అదే ఏడాది బడ్జెట్ లోటు దాదాపు 1.8 లక్షల కోట్ల డాలర్లు.

చివరగా, మీ నోట్సులో ప్రతి తేదీ పక్కనా ఆరోజు జరిగిన ఇతర సంగతులకు ఒక గడి వదలండి. ఉద్యోగాల లెక్కలు, కేంద్ర బ్యాంకు సమావేశాలు, రేటింగ్ మార్పులు అందులో రాయాలి. 2025 మే నెలలో అమెరికా 30 ఏళ్ల యీల్డ్ 5 శాతం దాటినప్పుడు చాలామంది టారిఫ్‌లనే తిట్టారు. కానీ మే 12నే అమెరికా, చైనా సుంకాలు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాయి. మే 16న రేటింగ్ సంస్థ మూడీస్, అప్పు తీర్చే సామర్థ్యానికి తానిచ్చే అమెరికా రేటింగ్‌ను ఒక మెట్టు కిందికి దించింది, అదే సమయంలో పన్నుల కోత బిల్లు కాంగ్రెస్‌లో నడుస్తోంది. ఆ గడి నింపి ఉంటే, ఆ వారం యీల్డ్‌ను టారిఫ్ పట్టికలోంచి తీసి పక్కన పెట్టేవారు.