విద్యుత్ స్పిట్‌ఫైర్ నమూనాను తయారుచేసి ఎగరవేయడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధపు విమానాల నమూనాలు చేయాలనుకునే వారిలో చాలామంది మొదట స్పిట్‌ఫైర్ వైపే చూస్తారు. మనకు ఆ విమానంతో చిన్న బంధుత్వం కూడా ఉంది. 1940లో ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లతో పోరాడిన బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్ (దళం) పేరులో, నిజాం విరాళానికి గుర్తుగా, ‘హైదరాబాద్’ చేరింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది. ఆ దళపు విమానాల మీద ఉండే ‘యూఎం’ గుర్తింపు అక్షరాలతో ఒక మార్క్ 1 స్పిట్‌ఫైర్‌ను పదో వంతు కొలతలో చేసే పద్ధతి ఇది. ఎయిలెరాన్లున్న (రెక్కల వెనుక అంచున కదిలే పలకలున్న) శిక్షణ నమూనాను తడబడకుండా ఎగరవేసి దించగలిగిన తరువాతే దీనికి పూనుకోవాలి.

అసలు విమానం రెక్కల వెడల్పు 11.23 మీటర్లు, కాబట్టి మన నమూనాది 112 సెంటీమీటర్లు. రెక్కల వైశాల్యం సుమారు 22.5 చదరపు డెసిమీటర్లు వస్తుంది. మొత్తం బరువు ఒక కిలో దాటకుండా చూసుకోవడమే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం, ఎందుకంటే బరువు పెరిగినకొద్దీ గాలిలో నిలవడానికి కావలసిన వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే దించడం కష్టమవుతుంది. మోటారు, దాని వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ, మూడు సెల్‌ల 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, పలకలను కదిలించే నాలుగు 9 గ్రాముల సర్వోలు, రిసీవర్ కలిపి 350 గ్రాముల దాకా తూగుతాయి. మిగిలిన 650 గ్రాములలోనే మొండెం, రెక్కలు, తోక, రంగు అన్నీ సరిపోవాలి.

మొండేనికి 5 మిల్లీమీటర్ల ఫోమ్‌బోర్డు చాలు. ఒక వైపు కాగితం ఒలిస్తే పలక చక్కగా గుండ్రంగా వంగుతుంది. మోటారును బిగించే చోట 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసి, మోటారు ఇరుసును రెండు డిగ్రీలు కుడికీ రెండు డిగ్రీలు కిందికీ వాల్చాలి.

రెక్క దగ్గర తొందరపడకూడదు. స్పిట్‌ఫైర్ అందమంతా ఆ దీర్ఘవృత్తాకారపు రెక్కలోనే ఉంది, దాని ప్రమాదమూ అక్కడే ఉంది. కొసలు సన్నగా ఉండే చిన్న నమూనాలో వేగం తగ్గగానే కొస ముందుగా స్టాల్ అయి (గాలి ఎత్తే బలాన్ని కోల్పోయి), విమానం ఒక పక్కకు ఒరిగిపోతుంది. అలా కాకుండా ఉండేందుకే అసలు విమానంలో రెక్క కోణం మొండెం దగ్గర 2 డిగ్రీలు ఉండి, కొసకు వచ్చేసరికి మైనస్ అర డిగ్రీకి తగ్గుతుంది. మనమూ అదే మెలి ఇవ్వాలి. కొస దగ్గర రెక్క అడ్డు కొలత (ముందంచు నుంచి వెనుక అంచుకు) 12 సెంటీమీటర్లున్న చోట వెనుక అంచు కింద 5 మిల్లీమీటర్ల చెక్కముక్క పెట్టి, జిగురు పూర్తిగా ఆరేవరకు బరువులతో అదిమి ఉంచితే రెండున్నర డిగ్రీలు వస్తుంది. రెండు రెక్కలకూ మెలి సరిసమానంగా ఉండాలి. లోపల 6 మిల్లీమీటర్ల కార్బన్ గొట్టాలు వేసి, ప్రతి కొస మధ్యభాగం కంటే 6 సెంటీమీటర్లు ఎత్తులో ఉండేలా అతికిస్తే అసలు విమానపు 6 డిగ్రీల వాలు కుదురుతుంది. మార్క్ 1లో పెద్ద రేడియేటర్ కుడి రెక్క కింద, చిన్న నూనె కూలర్ ఎడమ రెక్క కింద ఉంటాయి. రెండూ ఒకే పరిమాణంలో చేస్తే తెలిసినవారి కంటికి ఇట్టే పట్టుబడుతుంది.

రంగులు నీటితో కలిపేవే వాడాలి, స్ప్రే డబ్బాలలోని ద్రావకం ఫోమ్‌ను కరిగిస్తుంది. తోక మీద పూత పలుచగా ఉండాలి. అక్కడ చేరిన 10 గ్రాములను సరిచేయడానికి ముక్కులో సుమారు 25 గ్రాముల సీసం పెట్టవలసి వస్తుంది.

గరిమనాభిని (బరువు సమతూకంగా నిలిచే చోటును) రెక్క మొండేన్ని కలిసే చోట ముందంచు నుంచి 6 సెంటీమీటర్ల వెనుకకు గుర్తించి, అక్కడ రెండు వేళ్లపై నిలిపినప్పుడు ముక్కు కొద్దిగా కిందికి వాలేలా బ్యాటరీని జరపాలి. నా మొదటి నమూనాలో అది ఒక సెంటీమీటరు వెనుకకు పోవడంతో, చేతి నుంచి వదిలిన మూడు సెకన్లలోనే నేల తాకింది. 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు తిరిగే) మోటారు, 10 అంగుళాల ప్రొపెల్లర్ పెట్టి, వాట్‌మీటర్‌తో 250 వాట్లకు తగ్గకుండా, 40 ఆంపియర్ల ఈఎస్‌సీ హద్దు దాటకుండా చూసుకోవాలి. మొదటిసారికి ఎలివేటర్ (తోకలో పైకీ కిందికీ కదిలే పలక) కదలిక 8 మిల్లీమీటర్లు, ఎయిలెరాన్‌ది 10, ఎక్స్‌పో (స్టిక్కు మధ్యలో ఉన్నప్పుడు కదలికను మెత్తబరిచే అమరిక) 30 శాతం సరిపోతాయి.

ఎగరవేసే ముందు ప్రభుత్వ డ్రోన్ వేదిక డిజిటల్ స్కై పటంలో ఆ చోటు పచ్చ మండలంలో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) ఉందో లేదో చూసి, 400 అడుగులకు లోపలే ఉండాలి. తెల్లవారుజామున, గాలి లేవకముందు, కోతలైపోయిన పొలం మంచి చోటు. మరొకరు గాలికి ఎదురుగా, పైకి కాక సమతలంగా విసరాలి. ప్రొపెల్లర్ లాగే ఎడమ ఒరుగుదలను సర్దడానికి మీ చేయి స్టిక్కు మీదే ఉండాలి. తగినంత ఎత్తుకు చేరాక వేగం తగ్గించి స్టాల్ ఎక్కడ మొదలవుతుందో గమనించండి, ఆ వేగానికి దించేటప్పుడు ఎప్పుడూ చేరువ కావద్దు. మలుపులు వెడల్పుగా తిప్పి, కొంత త్రాటిల్ (మోటారు శక్తి) ఉంచుకునే దగ్గరకు తెచ్చి, మీటరు ఎత్తులో దాన్ని పూర్తిగా తగ్గించి పొట్ట మీద జారనివ్వాలి. ఆరు నిమిషాలకే దించేయండి. బ్యాటరీ చల్లబడ్డాక ఒక్కో సెల్‌ను 3.8 వోల్టుల వద్ద ఉంచి, ఎండలో నిలిపిన కారులో వదలకుండా ఇంటికి తీసుకువెళ్లాలి.