నీరెండే కదా అని వదిలేయకండి

మొన్న సత్యనారాయణపురంలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి ఏడాదిన్నర పాపను తీసుకొచ్చారు. మబ్బు పట్టి ఉంది. పాప షామియానా అంచున కాసేపు ఆడుకుంది. రాత్రికి బుగ్గలు కందాయి, మర్నాడు బొబ్బలు, మూడో రోజుకి కళ్లు తెరవలేనంత వాపు. వేడినీళ్లు పడ్డాయా అని అందరూ తల్లినే నిలదీశారు. చర్మ డాక్టరుగారు మాత్రం ముక్కు మీది చిన్న చిన్న మచ్చలు చూసి, మేనరికమా అని అడిగి, జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనుమానంతో పరీక్షలు రాశారు. పుట్టుకతో వచ్చే ఈ జబ్బునే ఎక్స్‌పీ అంటారు, చర్మం ఎండను తట్టుకోలేదు.

వేసవి వచ్చేస్తోంది. మజ్జిగ, టోపీ సంగతి అందరికీ తెలిసిందే. బెజవాడలో మనం ఎండను వేడితో కొలుస్తాం. చల్లగా ఉంటే "నీరెండే కదా, ఒంటికి మంచిదే" అంటాం. మామూలు పిల్లలకు పర్లేదు. ఎక్స్‌పీ ఉన్న బిడ్డకు అదే ప్రమాదం. చర్మంలో డీఎన్‌ఏను దెబ్బతీసేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. మబ్బు వాటిని పూర్తిగా ఆపలేదు.

డీఎన్‌ఏ అంటే రసాయన అక్షరాలు గుచ్చిన జంట పోగు. ఆ కిరణాలు అందులో పక్కపక్కనున్న రెండు అక్షరాలను ఒకదానికొకటి అతికించేస్తాయి. ఎండలో తిరిగే అందరికీ జరిగేదే. కణంలోని ప్రొటీన్లు ఆ చోటు పట్టుకుని, అటూ ఇటూ కోసి, సుమారు 30 అక్షరాల ముక్క తీసేస్తాయి. ఎదుటి పోగు చూసి ఖాళీ నింపుతాయి. ఈ పని ఎలా సాగుతుందో తేల్చిన శాస్త్రవేత్త అజీజ్ సాంకార్‌కు 2015 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా దక్కింది. ఎక్స్‌పీ పిల్లల్లో ఎక్కువమందికి ఈ మరమ్మతే సరిగా జరగదు. చెడిన చోటు అలాగే ఉండిపోయి, కణం విడిపోయేటప్పుడు తప్పులు పడతాయి. కణాల పెరుగుదలను అదుపు చేసే జన్యువుల్లో ఆ తప్పులు పేరుకుంటే క్యాన్సరే. పదేళ్లు నిండకముందే రావచ్చు.

రెండేళ్లలోపు ముఖం మీద మచ్చలు వచ్చినా, వెలుతురుకి కళ్లు మూసుకుంటున్నా వెంటనే చర్మ డాక్టరుకు చూపించండి. బొబ్బల కోసం ఎదురుచూడొద్దు, దాదాపు సగం మందికి అవి రానే రావు.

జబ్బు ఖాయమైతే పగలు బయటికి వెళ్లే ప్రతిసారీ నిండు చేతుల ముతక బట్టలు, ముఖానికి ముసుగు, కళ్లద్దాలు. మబ్బున్నా సరే. నీరెండైనా సరే.

సన్‌స్క్రీన్ క్రీమ్ రాశాం కదా అని బట్టలు తగ్గించకండి. రెండు గంటలకోసారి మళ్లీ రాయండి.

కిటికీ అద్దం, కారు పక్క అద్దం నమ్మకండి. ఆ కిరణాల్లో ఒక రకం అద్దం దాటి వస్తుంది. వాటిని ఆపే ఫిల్మ్ వేయించండి.

కృష్ణ ఒడ్డున పగటి స్నానాలు వద్దు.

ఇంట్లో చుట్ట, సిగరెట్ బంద్. పొగ డీఎన్‌ఏకు చేసే గాయాలను బాగుచేసేదీ ఆ మరమ్మతే.

మానని పుండు, కొత్త గడ్డ కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

లోపం అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు. ఒక్కరినే అనకండి. తర్వాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, ముందే జన్యు సలహా తీసుకోండి.

బడిలో ప్రేయర్ ఆరుబయట జరుగుతుంది. డాక్టర్ చీటీ ఇచ్చి లోపలే కూర్చోబెట్టమనండి.

ఎండ తగలక విటమిన్ డి తగ్గుతుంది. డాక్టర్ రాసిన చుక్కలు వేయండి, నీరెండలో మాత్రం కూర్చోబెట్టకండి.